బావ పంపిన 12 లక్షలు: చిన్న ఊళ్లో కంపెనీకి విదేశీ పెట్టుబడి తెచ్చుకునే దారి

ముందు నేను చేసిన పొరపాటు చెప్తాను. ఇది చదివేవాళ్లలో కొందరు ఈపాటికే అదే చేయబోతూ ఉంటారని నా అనుమానం.

మాది జడ్చర్ల. బాదేపల్లి మార్కెట్ యార్డులో పల్లికాయ కొని, ఒలిపించి, గానుగ నూనె, పల్లి బటర్ చేసే చిన్న యూనిట్ నాది. అక్కా బావా డల్లాస్‌లో ఉంటారు. ఒక సంక్రాంతికి వచ్చినప్పుడు బావ షెడ్డంతా తిరిగి చూసి, "బామ్మర్దీ, బ్యాంకు లోను ఎందుకు, పైసలు నేను పెడ్త, నాకు వాటా రాయి" అన్నాడు. అన్నమాట ప్రకారం తిరిగి వెళ్లిన పది రోజులకే ఫోన్లో ఏదో యాప్ నొక్కి 12 లక్షలు పంపేశాడు. అవి నేరుగా నా సేవింగ్స్ ఖాతాలో పడ్డాయి. నేను సంబరంగా ఆడిటర్ దగ్గరికి వెళ్లి, వాటా ఎట్ల రాయాలి సార్ అని అడిగితే ఆయన కళ్లద్దాలు తీసి పక్కన పెట్టి, "వాటా దేంట్ల? నీకు కంపెనీ ఎక్కడుంది?" అన్నాడు.

నిజమే. అప్పటికి నాది ప్రొప్రైటర్‌షిప్, అంటే నేనూ నా వ్యాపారమూ చట్టం కళ్లకు ఒకటే మనిషి. మనిషిలో వాటా ఉండదు. రెండోది ఇంకా పెద్ద చిక్కు. బయటి దేశం నుంచి వచ్చే ప్రతి రూపాయికీ బ్యాంకు ఒక కారణం కోడ్ వేస్తుంది, బావ పంపిన డబ్బుకు పడింది పీ1301, అంటే కుటుంబ పోషణకూ పొదుపుకూ పంపిన డబ్బు అని. కాబట్టి లెక్క ప్రకారం అది అక్క మొగుడు నాకిచ్చిన కానుక. పన్ను పడదు, ఎందుకంటే ఆదాయపు పన్ను చట్టంలో బావ కూడా బంధువే. కానీ ఆ డబ్బు నేను రేపు కంపెనీలో పెడితే షేర్లు నా పేరున వస్తాయి, బావ పేరున రావు. బావ పేరున రావాలంటే డబ్బు బావ ఖాతా నుంచే కంపెనీ ఖాతాలోకి రావాలి.

ఇది విడిపించుకోవడానికి 5 నెలలు పట్టింది. ఎట్ల విడిపించుకున్నామో చివర్లో చెప్తా. ముందు సక్రమంగా చేసుకునే వరుస చూడండి. మొత్తం వ్యవహారంలో వరుసే ముఖ్యం. డబ్బు దొరకడం మన దగ్గర అంత కష్టం కాదు, పాలమూరులో, నల్లగొండలో ప్రతి మండలం నుంచీ ఎవరో ఒకరు అమెరికాలోనో గల్ఫ్‌లోనో ఉన్నారు. కాగితం కంటే ముందు డబ్బు వచ్చేస్తేనే కష్టం.

ముందు ఏ పెట్టుబడి గురించి మాట్లాడుతున్నామో తేల్చుకుందాం

విదేశీ పెట్టుబడి అనగానే మనకు పోలేపల్లి సెజ్‌లో మైలాన్ లాంటి మందుల కంపెనీలు, కొత్తూరు పక్కన పెంజెర్లలో పీ అండ్ జీ గుర్తొస్తాయి. అవి ప్రభుత్వాలు తెచ్చుకునేవి, వాటికి భూమి ఇచ్చే లెక్క వేరు, ఆ భూముల కథలు వేరు, ఇప్పుడు ఆ జోలికి పోవడం లేదు. మన జిల్లాల నుంచి నేర్చుకోదగ్గ ఉదాహరణ నాకు తెలిసినంతలో మట్టంపల్లి సాగర్ సిమెంట్స్‌ది. వాళ్లు 2008లో ఫ్రాన్స్‌కు చెందిన వికా కంపెనీతో కలిసి గుల్బర్గా వైపు ఒక ఫ్యాక్టరీ మొదలుపెట్టారు. 2014లో తమ దగ్గరున్న 47 శాతం వాటాను ఆ భాగస్వామికే సుమారు 435 కోట్లకు అమ్మేసి బయటికొచ్చారు. అంటే ఎట్ల కలిశారో అట్లనే విడిపోయారు కూడా. విడిపోయే దారి ముందే కాగితం మీద ఉంటే విడిపోవడం గొడవ కాదు, ఒక అమ్మకం అవుతుంది. మనం 12 లక్షలకైనా ఈ సంగతి గుర్తు పెట్టుకోవాలి.

మనలాంటి వాళ్లకు విదేశీ పెట్టుబడి మూడు దార్లలో వస్తుంది. బంధువు, బంధువు తెచ్చే బయటివాడు, మన సరుకు కొనే విదేశీ వ్యాపారి. మొదటి ఇద్దరి గురించే ఎక్కువ చెప్తాను, మూడోవాళ్లు తేలిగ్గా దొరకరు.

మీ వ్యాపారం ఏ రూపంలో ఉంది?

ఇది మొదటి ప్రశ్న. దీనికి జవాబు లేకుండా ఎవరి దగ్గరా డబ్బు మాట ఎత్తొద్దు.

ప్రొప్రైటర్‌షిప్‌లోకైనా, మామూలు భాగస్వామ్య సంస్థలోకైనా ఎన్నారై గానీ, ఓసీఐ కార్డున్నవాళ్లు (విదేశీ పౌరసత్వం తీసుకున్న భారత సంతతివాళ్లు) గానీ పెట్టుబడి పెట్టొచ్చు, కానీ ఆ అసలును తిరిగి విదేశానికి తీసుకుపోని షరతు మీద మాత్రమే. పుట్టుకతో విదేశీయుడైతే ఆ దారి కూడా లేదు, రిజర్వు బ్యాంకు అనుమతి కావాలి. ఎల్‌ఎల్‌పీలోకి, అంటే భాగస్వాముల బాధ్యతకు హద్దున్న సంస్థలోకి, రావచ్చు, నూరు శాతం పెట్టుబడి అనుమతి లేకుండానే నేరుగా వచ్చే రంగమై, ఆ రంగానికి వేరే షరతులు లేకపోతే. నా సలహా అడిగితే, బయటి డబ్బు కచ్చితంగా తేవాలనుకున్నవాళ్లు ప్రైవేట్ లిమిటెడ్ పెట్టుకోండి. ఖర్చు ఎక్కువే, ఏటా ఆడిట్ తప్పదు, రిజిస్ట్రార్‌కు కాగితాలు దాఖలు చేస్తూనే ఉండాలి, కానీ షేరు అంటే ఏంటో డల్లాస్‌లో ఉన్నవాడికి కూడా విడమరిచి చెప్పనక్కర్లేదు.

ఇక్కడ ఒక మాట ఎఫ్‌పీవోలు నడిపేవాళ్లకు. వనపర్తి వైపు నుంచి ఒక మిత్రుడు ఫోన్ చేసి, మా రైతు ఉత్పత్తిదారుల కంపెనీలో ఒక ఎన్నారై 50 లక్షలు పెడతానంటున్నాడు, ఎంత వాటా ఇవ్వాలి అని అడిగాడు. ఒక్క శాతం కూడా ఇవ్వలేరు. ఆ కంపెనీలో ఉత్పత్తిదారులూ, ఉత్పత్తిదారుల సంస్థలే సభ్యులుగా ఉండాలని చట్టమే చెప్తుంది. ఇక్కడ సాగు చేయని ఎన్నారైకి అందులో చోటు లేదు. చేయాలంటే ప్రాసెసింగ్ కోసం వేరే ప్రైవేట్ కంపెనీ పెట్టి, ఎఫ్‌పీవో దానికి సరుకు అమ్మేలా ఒప్పందం రాసుకోవాలి. సొసైటీలు, ట్రస్టుల వాళ్లు ఇంకో రకం పొరపాటు చేస్తారు, విదేశాల నుంచి విరాళం తీసుకోవడానికి ఎఫ్‌సీఆర్‌ఏ అని పూర్తిగా వేరే చట్టం ఉంది, దాన్నీ దీన్నీ కలిపితే రెండూ చెడతాయి.

ఏ పనికి డబ్బు తేవచ్చు, ఏ పనికి తేకూడదు

ఫుడ్ ప్రాసెసింగ్‌కు నూరు శాతం నేరుగా రావచ్చు, ఢిల్లీకి వెళ్లి అడగాల్సిన పని లేదు. పల్లీలు, బత్తాయి రసం, మిర్యాలగూడ వైపు తవుడు నూనె, ఏదైనా సరే. గోదాములు, కోల్డ్ స్టోరేజీ కూడా అంతే. కానీ సాగుకు మాత్రం రాదు, పాలీహౌస్‌లలో పూలూ కూరగాయలూ, విత్తనాలు, చేపలు, పశుపోషణ లాంటి కొన్నిటికి షరతులతో మినహాయింపు ఉంది, అంతే. భూములు కొని ప్లాట్లు చేసి అమ్మే వ్యాపారంలోకి అస్సలు రాకూడదు.

మన దగ్గర ఇప్పుడు షాద్‌నగర్ నుంచి జడ్చర్ల దాకా, అటు యాదగిరిగుట్ట చుట్టూ ఎక్కడ చూసినా ఫామ్‌ల్యాండ్ బోర్డులే కదా, గుంటల లెక్కన అమ్ముతున్నారు, ఎన్నారైలకు ప్రత్యేక ఆఫర్ అని కూడా రాస్తున్నారు. ఎన్నారై గానీ ఓసీఐ గానీ వ్యవసాయ భూమి, తోట, ఫామ్‌హౌస్ కొనకూడదు. వారసత్వంగా వస్తే వేరే సంగతి. బావ ముందు అదే అడిగాడు, మధ్యలో ఒక ఎకరం కూడా తీసుకుందాం, రెండూ అవుతాయి అని. ఫ్యాక్టరీకి కావాల్సింది వ్యవసాయేతర భూమి, అది కూడా కంపెనీ పేరున. ఆ మాట ఆయనకు అర్థం చేయించడానికే రెండు ఆదివారాలు పోయాయి.

తిరిగి పోయే డబ్బా, ఇక్కడే ఉండే డబ్బా

దీని గురించి మన ఊళ్లల్లో ఎవరూ చెప్పరు, ఖర్చు మాత్రం సగానికి సగం దీని మీదే ఆధారపడి ఉంటుంది.

2019 అక్టోబరులో వచ్చిన ఫెమా, అంటే విదేశీ మారక చట్టం, నిబంధనల ప్రకారం ఎన్నారైలకు, ఓసీఐలకు రెండు దార్లున్నాయి. మొదటిది, అసలునూ లాభాన్నీ ఎప్పుడైనా విదేశానికి తీసుకుపోగలిగే దారి. ఇదే అసలైన విదేశీ పెట్టుబడి, దీనికి విలువ కట్టించాలి, రిజర్వు బ్యాంకుకు నివేదించాలి, ఏటా రిటర్ను వేయాలి. రెండోది, తిరిగి తీసుకుపోను అని ఒప్పుకొని పెట్టే దారి. దీన్ని చట్టం స్వదేశీ పెట్టుబడితో సమానంగా చూస్తుంది. రిజర్వు బ్యాంకు ఫారం అక్కర్లేదు, ఫెమా కనీస ధర షరతు లేదు, కంపెనీల చట్టం లెక్కలు మాత్రం ఎవరికైనా తప్పవు. వాటా అమ్ముకున్నప్పుడు వచ్చిన డబ్బు వాళ్ల ఎన్‌ఆర్‌ఓ ఖాతాలో, అంటే ఎన్నారైలు మన దేశంలో ఉంచుకునే రూపాయల ఖాతాలో, పడుతుంది.

"తీసుకుపోను" అనే మాట వినగానే బంధువులు బెదిరిపోతారు. నిజానికి అంత భయపడాల్సింది లేదు. పన్ను కట్టాక, బ్యాంకు అడిగే కాగితాలు ఇస్తే ఎన్‌ఆర్‌ఓ ఖాతా నుంచి ఒక ఆర్థిక సంవత్సరంలో 10 లక్షల డాలర్ల దాకా బయటికి పంపుకోవచ్చు. మన స్థాయి వ్యాపారానికి అది చాలదా? అక్కా తమ్ముడూ బావా మేనమామా ఎవరైనా సరే, ఎన్నారైయో ఓసీఐయో అయితే ముందు ఈ రెండో దారి గురించే మాట్లాడండి. పాస్‌పోర్టు మారి అమెరికా పౌరులైనా ఓసీఐ కార్డు ఉంటే ఈ దారి తెరిచే ఉంటుంది. కార్డు లేకుండా, మా తాతది నల్లగొండే అంటే సరిపోదు.

డబ్బు రాకముందు ఇల్లు సర్దుకోవడం

బావ తన ఆఫీసులో పనిచేసే ఒక అమెరికన్‌ను పరిచయం చేశాడు. పల్లి బటర్ అంటే వాళ్లకు మనకు ఆవకాయ లాంటిది, అందుకే ఆసక్తి పడ్డాడు. మొదటి వీడియో కాల్‌లో ఆయన అడిగినవి నాలుగే ప్రశ్నలు. సరుకు ఎక్కడ కొంటావు? ప్రతిసారీ ఒకే నాణ్యత ఎట్ల వస్తుంది? నా డబ్బు ఎప్పుడు, ఎట్ల బయటికి వస్తుంది? నువ్వు చచ్చిపోతే ఏమవుతుంది? ఈ చివరిది స్పీకర్‌లో విని, బావ తెలుగులో విడమరిస్తే, మా అమ్మ వంటింట్లోంచి వచ్చి, పైసలు ఇయ్యకముందే శాపనార్థాలా అని కోప్పడింది. కానీ ఆయన అడిగింది న్యాయమే. మిషన్ తాళాలు, అడ్తిదారుల నంబర్లు, ఎవరికి ఎంత బాకీ, అన్నీ నా ఒక్కడి తలలోనే ఉండేవి. తర్వాత మా సూపర్‌వైజర్‌కు అన్నీ నేర్పి, ఒక రిజిస్టర్‌లో రాసి పెట్టాం.

కొనుగోలు ప్రశ్నకు నా దగ్గర మంచి జవాబు ఉంది, అది ఉండటం అదృష్టమే అనుకుంటా. యార్డులో కొన్నదానికి తక్‌పట్టీలు, అంటే లెక్క చీటీలు, అన్నీ దాచాను. ఏ రోజు ఏ ధర, ఎన్ని క్వింటాళ్లు, హమాలీ ఎంత, దడ్వాయి తూకం ఎంత, అన్నీ అందులో ఉంటాయి. మూడేళ్ల తక్‌పట్టీలు ఫొటోలు తీసి పంపితే ఆయన వారం రోజులు చూశాడు. ఊళ్లల్లో కల్లం దగ్గరే కొని కాగితం లేకుండా నగదు ఇచ్చేవాళ్లు ఇక్కడే దెబ్బతింటారు. లాభం ఉంటుంది, రుజువు ఉండదు. జీఎస్టీ రిటర్నులో ఒక అమ్మకం, బ్యాంకు ఖాతాలో ఒక అమ్మకం, నోటితో చెప్పేది మూడో అమ్మకం అయితే ఎంత దగ్గరి బంధువైనా వెనక్కి తగ్గుతాడు, తగ్గాలి కూడా.

లెక్కలు గొప్పగా చెప్పాలని చూడొద్దు. నేను ఇట్ల రాశాను: 100 కిలోల పల్లికాయ ఒలిస్తే 65 నుంచి 70 కిలోల పప్పు, అందులో పుచ్చు, ముడత ఏరేస్తే ఇంత, మిగిలిన పల్లిచెక్క పశువుల దాణాకు ఇంత ధర. యాసంగి పంట జనవరి తర్వాత యార్డుకు పోటెత్తుతుంది, అప్పుడు కొని పెట్టుకోకపోతే వానాకాలంలో ధర మన చేతిలో ఉండదు, కాబట్టి నాకు కావాల్సిన డబ్బులో సగానికి పైగా మిషన్‌కు కాదు, సరుకు నిల్వకు. ఈ ఒక్క వాక్యం ఆయనకు బాగా నచ్చింది. ఆయనే చెప్పాడు, అందరూ మిషన్ బొమ్మలు పంపుతారు, డబ్బు ఏ నెలలో ఎంత కావాలో ఎవరూ చెప్పరు అని.

నాణ్యత విషయంలో పల్లీకి ఉన్న పెద్ద గండం అఫ్లాటాక్సిన్, బూజు వల్ల వచ్చే విషం. తేమ ఉన్న కాయను గోనెల్లో కుక్కి పెడితే పుట్టుకొస్తుంది. నేరుగా తినే పల్లీలకు యూరప్‌లో మొత్తం పరిమితి కిలోకు 4 మైక్రోగ్రాములు, అందులోనూ బీ1 రకం 2కు మించకూడదు. ల్యాబ్ రిపోర్టు లేకుండా విదేశీ కొనుగోలుదారుతో మాట్లాడటమే దండగ. మేము ప్రతి లాటుకూ నమూనా హైదరాబాద్ ల్యాబ్‌కు పంపించి, ఫెయిలైన రిపోర్టులు కూడా ఫైల్లో పెట్టాం. ఫెయిలైన రెండింటినీ చూపించడం వల్లే మిగతావి నమ్మారని నా అభిప్రాయం. ఎగుమతి ఆలోచన ఉంటే కేంద్ర ఎగుమతుల సంస్థ అపెడా వాళ్ల పీనట్ నెట్ విధానం ముందే చదివి పెట్టుకోండి.

ఇక భూమి. షెడ్డు అద్దెకైతే రిజిస్టరైన లీజు. సొంతమైతే ఈసీ (భూమి మీద లావాదేవీలు చూపే రిజిస్ట్రేషన్ ఆఫీసు కాగితం), నాలా మార్పిడి (వ్యవసాయేతర భూమిగా మార్చిన కాగితం), భూభారతిలో ఆ సర్వే నంబరు ఎట్ల కనబడుతుందో దాని ప్రింటు. నిషేధిత జాబితాలో ఉందో లేదో చూసుకోవాలి. అసైన్డ్ భూమి అయితే మాట్లాడే పనే లేదు. సాదాబైనామా, అంటే రిజిస్ట్రేషన్ లేని తెల్లకాగితం, మీద కొన్న భూమిలో షెడ్డు వేసి, 20 ఏళ్ల నుంచి కబ్జాలో మేమే ఉన్నాం అంటే మన ఊళ్లో చెల్లుతుంది గానీ, ఆ కాగితాన్ని ఇంగ్లీషులోకి మార్చి చెప్పండి చూద్దాం, మీకే నవ్వొస్తుంది. అనుమతుల సంగతికి రాష్ట్ర ప్రభుత్వ సింగిల్ విండో టీజీ-ఐపాస్ పనికొస్తుంది, కాలుష్య నియంత్రణ మండలి, ఫైర్, కరెంటు అన్నీ ఒకే దరఖాస్తులో పెట్టొచ్చు, 2014 చట్టంలో గడువులు కూడా ఉన్నాయి. గడువులున్నాయి కదా అని ఇంట్లో కూర్చోకుండా కలెక్టరేట్‌లో జిల్లా పరిశ్రమల కేంద్రానికి రెండుసార్లు వెళ్లి రండి.

డబ్బు వచ్చే వరుస

ఇప్పుడు అమెరికన్ పంపిన 30,000 డాలర్ల కథ. అప్పటి రేటుకు సుమారు 25 లక్షలు. ఆయన ఎన్నారై కాదు కాబట్టి తిరిగి తీసుకుపోయే మొదటి దారే, నివేదికలన్నీ తప్పవు.

కంపెనీ పెట్టుకున్నాక మొదట విలువ కట్టించాం. కంపెనీల చట్టానికి రిజిస్టర్డ్ వాల్యుయర్ రిపోర్టు, ఫెమాకు సీఏ లేదా మర్చంట్ బ్యాంకర్ ఇచ్చే సర్టిఫికెట్. కట్టిన విలువ కంటే తక్కువకు విదేశీయుడికి షేరు ఇవ్వకూడదు. ఎక్కువకు ఇవ్వొచ్చు. ఎక్కువకు ఇస్తే ఆ ఎక్కువను ఆదాయంగా లెక్కేసి ఏంజెల్ ట్యాక్స్ వేస్తారని ఒకప్పుడు టెన్షన్ ఉండేది, 2024 బడ్జెట్‌లో దాన్ని ఎత్తేశారు. తర్వాత బోర్డు మీటింగు, సభ్యుల ప్రత్యేక తీర్మానం, ఆ తీర్మానాన్ని రిజిస్ట్రార్ దగ్గర దాఖలు చేయడం, పాస్-4 అనే ఆఫర్ లెటర్ ఆయన పేరున ఇవ్వడం, ఈ డబ్బు కోసమే బ్యాంకులో విడిగా ఒక ఖాతా. ఇవన్నీ అయ్యాకే డబ్బు పంపమని చెప్పాలి.

పంపేటప్పుడు మూడు సంగతులు ఆయనకు రాసి పంపండి. ఎవరి పేరున షేర్లో వాళ్ల సొంత ఖాతా నుంచే రావాలి. మా అమెరికన్ తన భార్యతో ఉన్న ఉమ్మడి ఖాతా నుంచి పంపాడు, కాగితాల్లో పంపినవాళ్ల పేరు ఒకటి, షేరుదారు పేరు ఒకటి అయ్యి, ఆవిడ అభ్యంతరం లేదని రాసిచ్చేదాకా ఫైలు కదల్లేదు. రెండు, కారణం దగ్గర షేర్ల కోసం పెట్టుబడి అని స్పష్టంగా ఉండాలి, యాపులు వద్దు, బ్యాంకు నుంచి బ్యాంకుకే. మూడు, దారిలో బ్యాంకులు కోసుకునే చార్జీలన్నీ పంపేవాళ్లే భరించేలా ఎంచుకోమనండి, లేకపోతే ఆఫర్ లెటర్‌లో ఒక అంకె, ఖాతాలో కొన్ని వేలు తక్కువగా ఇంకో అంకె వచ్చి, ఎన్ని షేర్లు ఇవ్వాలో మళ్లీ లెక్క వేసుకోవాలి.

డబ్బు పడ్డ రోజు నుంచి 60 రోజుల్లో షేర్లు కేటాయించాలి. లేదంటే తర్వాత 15 రోజుల్లో తిరిగి ఇచ్చేయాలి. కేటాయించిన 15 రోజుల్లో రిజిస్ట్రార్‌కు ఆ కేటాయింపు తెలిపే పాస్-3 ఫారం, అది వేసేదాకా ఆ డబ్బు ముట్టుకోవద్దు, యార్డులో ధర ఎంత దిగినా సరే. షేర్లు ఇచ్చిన 30 రోజుల్లో రిజర్వు బ్యాంకు ఫర్మ్స్ పోర్టల్‌లో ఎఫ్‌సీ-జీపీఆర్ ఫారం. దీనికి మన బ్యాంకు నుంచి ఎఫ్‌ఐఆర్‌సీ, అంటే విదేశీ డబ్బు వచ్చినట్టు సర్టిఫికెట్, పంపినవాళ్ల బ్యాంకు నుంచి కేవైసీ రిపోర్టు కావాలి. మా బ్రాంచిలో ఈ మాటలు విన్నవాళ్లు ఎవరూ లేరు, మేనేజరు మర్యాదగా టీ ఇచ్చి, ఇది హైదరాబాద్‌లో చూస్తారు అన్నాడు. నిజంగానే హైదరాబాద్‌లోనే చూస్తారు. కాబట్టి ఖాతా తెరవకముందే మీ బ్యాంకులో విదేశీ పెట్టుబడి కాగితాలు చూసే డెస్కు ఎక్కడుంది, ఆ మనిషి ఈమెయిల్ ఏంటి అని అడిగి తెలుసుకోండి. నాకు ఆ కేవైసీ రిపోర్టు రావడానికే 22 రోజులు పట్టింది, 30లో 22 పోతే మిగిలేది ఎంతో చూడండి.

గడువు దాటితే ప్రపంచం మునిగిపోదు. ఆలస్యపు రుసుము ఉంది, 7,500 రూపాయలు, దాని మీద మొత్తంలో ఏడాదికి 0.025 శాతం, అంటే 25 లక్షలకు ఏడాది ఆలస్యమైతే ఇంకో 625. మూడేళ్లు దాటితే మాత్రం కాంపౌండింగ్, అంటే తప్పు ఒప్పుకొని రిజర్వు బ్యాంకుతో జరిమానా తేల్చుకోవడం, అని పెద్ద తలనొప్పి. భయపడి దాచిపెట్టేవాళ్లే అక్కడిదాకా తెచ్చుకుంటారు.

ఏం రాసుకోవాలి, ఏం రాసుకోకూడదు

మనవాళ్లకు పెట్టుబడి అంటే నూటికి రెండు రూపాయల వడ్డీ లెక్కే అలవాటు. వాటా ఇస్తా, నెలకు రెండు రూపాయలు కూడా గ్యారంటీ, ఎప్పుడు అడిగితే అప్పుడు అసలు వాపసు అని రాసిచ్చేస్తారు. విదేశీయుడికి అట్ల రాయకూడదు. ఏడాది తర్వాత బయటికి పోయే హక్కు ఇవ్వొచ్చు, కానీ ఇంత ధరకే కొంటామని గ్యారంటీ ఇవ్వకూడదు, ఆ రోజు విలువ ఎంత ఉంటే అంతే. గ్యారంటీ వడ్డీ కావాలంటే అది అప్పు, విదేశీ అప్పుకు వేరే నిబంధనలు, చిన్న కంపెనీలు ఆ వైపు పోకపోవడమే మేలు.

ఒప్పందంలో నాకు నెలకు ఎంత జీతమో రాయించుకున్నాను. ఇది సిగ్గుపడే విషయం కాదు. జీతం రాయకపోతే రెండో ఏడాది ఏదో ఒక పెళ్లిలో, మా పైసలతో కారు కొన్నాడంట అనే మాట పుడుతుంది. ఎంత ఖర్చు దాటితే వాళ్లను అడగాలి, ఏడాదికి ఎన్నిసార్లు లెక్క చూపాలి, వాటా అమ్మదలిస్తే ముందు ఎవరికి చెప్పాలి, ఇవి కూడా. ఇరవై పేజీలు అక్కర్లేదు. మా ఒప్పందం తొమ్మిది పేజీలు, మహబూబ్‌నగర్ వకీలు రాశాడు, అమెరికన్ తన వకీలుకు చూపించి రెండు వాక్యాలు మార్చాడు.

చైనా మిషన్ల కంపెనీ వాడు ఒకసారి, మిషన్ ధరకు బదులు కొంత వాటా ఇవ్వండి అన్నాడు. 2020 ఏప్రిల్‌లో వచ్చిన ప్రెస్ నోట్ 3 తర్వాత, మన భూసరిహద్దు ఉన్న దేశాల నుంచి వచ్చే పెట్టుబడికి కేంద్రం అనుమతి అడగాల్సి వచ్చింది. మిషన్ కొన్నాను, వాటా మాట అక్కడే ఆపేశాను.

డబ్బు వచ్చాక

ప్రతి నెలా 5వ తేదీన నేను ఒక వాట్సాప్ మెసేజ్ పంపుతాను. నిల్వ ఎన్ని క్వింటాళ్లు, అమ్మకం ఎంత, రావాల్సిన బాకీ ఎంత, ఈ నెల చెడ్డ వార్త ఏంటి. చెడ్డ వార్త అనే గడి ఖాళీగా వదలను. ఒకసారి ట్రాన్స్‌ఫార్మర్ కాలి ఆరు రోజులు మిషన్ ఆగింది, ఇంకోసారి ఏరే పని చేసే ఆడవాళ్లు పత్తి తీయడానికి పోతే పది రోజులు ఆలస్యం. ఇవి రాసినందుకు ఆ అమెరికన్ కోప్పడలేదు సరికదా, రెండో ఏడాది ఇంకో 10,000 డాలర్లు తనే పెడతానన్నాడు. కొత్త పెట్టుబడిదారు కోసం హైదరాబాద్ హోటళ్లలో సదస్సులకు తిరిగిన ఖర్చు కంటే ఉన్నవాడికి నిజం చెప్పడం నాకు చవగ్గా పడింది.

ప్రతి ఏడాదీ జూలై 15 లోపు ఎఫ్‌ఎల్‌ఏ రిటర్ను, అంటే కంపెనీలో విదేశీ వాటా ఎంతుందో చెప్పే లెక్క, రిజర్వు బ్యాంకుకు వేయాలి. ఆ ఏడాది కొత్తగా ఒక్క రూపాయి రాకపోయినా, పాత విదేశీ వాటా ఉన్నంత కాలం వేయాల్సిందే. మా ఆడిటర్ మొదటి ఏడాది మర్చిపోయాడు, నేనూ మర్చిపోయాను. ఇప్పుడు షెడ్డు గోడ మీద పెయింటుతో రాయించాను.

ఇక ఆ 12 లక్షలు. బావకు నేను తిరిగి పంపుదామంటే, ఎన్నారైకి రూపాయల్లో కానుక ఇవ్వాలంటే అతను కంపెనీల చట్టం లెక్కలో బంధువు అయ్యుండాలి, ఆ జాబితాలో అక్క ఉంది, బావ లేడు. ఆదాయపు పన్నుకు బంధువు, కంపెనీల చట్టానికి పరాయివాడు! కాబట్టి 12 లక్షలు అక్క ఎన్‌ఆర్‌ఓ ఖాతాకు చెక్కు ద్వారా కానుకగా ఇచ్చాను, కంపెనీ రిజిస్టరయ్యాక అక్క అదే ఖాతా నుంచి తిరిగి తీసుకుపోని దారిలో షేర్లు కొన్నది. పంపింది బావ, వాటాదారు అక్క. బావ ఏమీ అనలేదు, నవ్వి ఊరుకున్నాడు.

అక్క మాత్రం ఊరుకోలేదు. మొదటి వార్షిక సమావేశం వీడియో కాల్‌లో పెట్టాం, అమెరికన్ రెండు ప్రశ్నలడిగి సరే అన్నాడు. అక్క పల్లిచెక్క అమ్మిన బిల్లులు ముందు పెట్టుకుని, ఆగస్టులో కిలోకు రూపాయిన్నర తక్కువకు ఎందుకు అమ్మినవ్‌రా అని అడిగింది. జవాబు ఇంకా ఇవ్వలేదు.